లాక్‌డౌన్‌లో అమ్మ కాలికి కట్టు కట్టడం నేర్చుకున్నాను

2020 మార్చి 24, మంగళవారం. అమ్మని డ్రెస్సింగ్‌కి శ్రీకాకుళం తీసుకెళ్ళాల్సిన రోజు. జనతా కర్ఫ్యూకని ఆదివారం ఆగిన ఆర్టీసీ బస్సులు మళ్ళీ రోడ్డెక్కలేదు. మాది టెక్కలి దగ్గర పల్లె. శ్రీకాకుళం సుమారు 50 కిలోమీటర్లు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఓపీ మూసేశామన్నారు, మళ్ళీ ఎప్పుడో చెప్పలేమన్నారు.

అమ్మ ఇరవయ్యేళ్ళు టిఫిన్ సెంటర్‌లో పెనం ముందు నిలబడింది. కాళ్ళలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. ఎడమ చీలమండ లోపలివైపు పుండు పడి అప్పటికి మూడు నెలలు. షుగర్ లేదు. డాప్లర్ స్కాన్ చేసి, కాలికి రక్తం బాగానే దిగుతోంది, పైకి ఎక్కాల్సిన రక్తమే సిరల్లో నిలిచిపోతోంది అన్నారు. అందుకే ఆయింట్‌మెంట్ కంటే బిగువు కట్టే అసలు మందని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. విన్నాను గానీ నాకు తలకెక్కలేదు.

మొదటివారం నాకు తోచినట్టు క్రేప్ బ్యాండేజ్ చీలమండ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాను. సాయంత్రానికి పాదం పొంగిపోయింది. "ఏట్రా నాయనా, ఇంత బిగించీసినావు? కాలు మొద్దుబారిపోతంది" అంది అమ్మ. తెలిసినాయన ఒకాయన పుండు మీద చల్లమని పౌడర్ ఇచ్చాడు. అది గడ్డకట్టి అతుక్కుపోయింది. ఊడదీస్తే రక్తం వచ్చింది. ఆ రాత్రి అమ్మ మూలుగు వింటూ కూర్చున్నాను.

ఎలాగో డాక్టరుగారి నంబర్ దొరికింది. ఫోన్లో, వీడియోలో వైద్యం చెప్పడానికి కేంద్రం ఆ మార్చిలోనే నిబంధనలు ఇచ్చింది కాబట్టి ఆయన వెనకాడలేదు. వీడియో కాల్‌లో నా చేతులు చూస్తూ నేర్పించారు. తెల్లవారి మంచం దిగకముందే, కాలు వాపు లేనప్పుడే కట్టాలి. పాదం నిటారుగా ఉంచి, వేళ్ళ మొదట్లోంచి మొదలుపెట్టి, మడమ కూడా కప్పుతూ, మోకాలి కిందదాకా. ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడాలి. వేళ్ళు నీలం తిరిగినా, చల్లబడినా, నొప్పి పెరిగినా వెంటనే విప్పేయాలి. రక్తం సరిగ్గా దిగని కాలికి ఇలా కడితే కాలికే ప్రమాదమని, స్కాన్ చూశాకే ధైర్యంగా చెబుతున్నానని గట్టిగా అన్నారు. ఎవరైనా నన్ను అడిగితే ముందు ఈ మాటే చెబుతాను.

పుండు కడగడానికి లీటరు నీళ్ళు బాగా మరిగించి చల్లార్చి, రెండు చెంచాలు తలకొట్టి ఉప్పు. రోజూ కొత్తగా. గాజుగుడ్డ దొరకని రోజుల్లో నాన్న పాత పంచె ముక్కలు చేసి ఉతికి, స్టీలు డబ్బాలో పెట్టి కుక్కర్‌లో అరగంట ఆవిరి పట్టేవాడిని. ఆశా అక్క ఒకసారి పీహెచ్‌సీ నుంచి కొంచెం తెచ్చిపెట్టింది. కాళ్ళు ఎత్తులో ఉండాలని నులక మంచానికి కాళ్ళవైపు రెండేసి ఇటుకలు పెట్టాం.

శనివారం శనివారం ఉతికి ఆరబెట్టిన పాలిథిన్ కవరు పుండు మీద పరిచి, మార్కర్‌తో అంచు గీసి, తారీఖు వేసేవాడిని. తర్వాత ఆ కవరు పారేయకుండా తుడిచి దాచేవాడిని. కళ్ళకి తగ్గినట్టే ఉన్న పుండు, గీత పక్కన గీత పెడితే తగ్గని వారాలున్నాయి.

ఏప్రిల్ చివర్లో పాతపట్నం వైపు జిల్లాలో తొలి కేసులు వచ్చాయని ఊరంతా భయపడుతున్న రోజుల్లోనే అమ్మకి రాత్రి జ్వరం వచ్చింది. కట్టు విప్పితే వాసన. చుట్టూ ఎర్రగా, వేడిగా. కరోనానా, పుండా? ఒకటే టెన్షన్. డాక్టరుగారికి ఫోటో పంపాను. ఎరుపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీయమన్నారు. బిగువు కట్టు ఆపి, యాంటీబయాటిక్ రాశారు. "గీత దాటినా, రేపు సాయంత్రానికి జ్వరం దిగకపోయినా 108కి ఫోన్ చెయ్యి. కరోనా భయంతో ఇంట్లో కూర్చోవద్దు" అన్నారు. నేను సంచీ సర్దేసి గుమ్మం పక్కన పెట్టాను. గంటకోసారి లైటు వేసి గీత చూశాను. మర్నాడు మధ్యాహ్నం చూస్తే ఎరుపు గీతకి లోపలే ఉంది. సాయంత్రానికి అమ్మ గంజి అడిగింది.

మే 21న బస్సులు మొదలయ్యాయి. తర్వాతి వారం క్లినిక్‌కి వెళ్ళి కవర్లన్నీ డాక్టరుగారి టేబుల్ మీద పరిచాను. మొదటిది అయిదు సెంటీమీటర్ల పొడుగు. చివరిది పెద్ద బొట్టుబిళ్ళంత. ఆయన అన్నీ తారీఖుల వరసలో పెట్టుకుని చూశారు. జూలైలో పూర్తిగా మూసుకుంది.

మళ్ళీ రాకుండా ఇప్పుడు బిగువు మేజోడు వేసుకుంటుంది, మంచం దిగకముందే. నేను ఇంట్లో ఉన్న రోజు మాత్రం కాలు చాపి కూర్చుంటుంది, నేను వచ్చి తొడగాలని.