రెండు డిక్కీల కారు ఇచ్చేశాను

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు మెకానిక్‌గా చేశాడు. మొదట్లో అంబాసిడర్లు, తర్వాత లారీలు. 2022 వేసవిలో మిషిగన్‌లో మా ఇంటికొచ్చినప్పుడు, ప్రయాణం బడలిక కూడా తీరకముందే గరాజ్‌లోకి వెళ్ళి నా కారు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, "ఏదీ, బానెట్ తియ్యి" అన్నాడు.

అది 2018 పోర్షే 718 కేమన్. ముందు మూత తీశాను. లోపల నల్ల కార్పెట్ వేసిన గొయ్యి, పెట్టె పెట్టుకోడానికి. "ఓహో, వెనకింజనా" అన్నాడు. వెనక మూత తీశాను. అక్కడా డిక్కీయే. నాన్న రెండు డిక్కీల వంకా మార్చి మార్చి చూసి, "ఇంజనేదిరా?" అన్నాడు.

సీట్ల వెనకాల, కార్పెట్ కింద, ప్లేట్ల కింద ఉంది నాన్నా అని చెప్పాను. మనకి కనిపించేవి వెనక డిక్కీలో రెండు మూతలే. ఒకటి ఇంజనాయిల్ పోయడానికి, ఒకటి కూలెంట్‌కి. ఆయిల్ ఎంతుందో చూడ్డానికి పుల్ల కూడా ఉండదు, స్క్రీన్ మీద చూసుకోవాలి. నాన్న ఏమీ అనలేదు. పని మొదలుపెట్టబోయే వాడిలా జేబులోంచి తీసిన గుడ్డని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ కారుని తిట్టడానికి ఇది రాయట్లేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. రెండు లీటర్ల టర్బో, 300 హార్స్‌పవర్, ఏడు గేర్లు. ఆ గేర్లు కూడా తనే వేసుకునేది, నాకంటే బాగా. నా ఉద్యోగం కూడా అలాంటిదే. కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. చక్రం జారబోతోందని డ్రైవర్‌కి తెలిసేలోపే బ్రేకుని టకటకా పట్టి వదిలే పని. వారమంతా డ్రైవర్ల తప్పులు వాళ్ళకి తెలియకుండా దిద్దే ప్రోగ్రాములు రాసి, శనివారం నా తప్పులు నాకు తెలియకుండా దిద్దే కారెక్కి తిరిగేవాణ్ణి. పైగా అందులో రెండే సీట్లు. ఇంట్లో ముగ్గురం. గుడికెళ్ళాలంటే వేరే కారు తీయాల్సిందే.

నాన్న విజయవాడ వెళ్ళిపోయాడు. ఆ గుడ్డ మడత మాత్రం నా బుర్రలోంచి పోలేదు.

మేముండేది నోవై. ఇక్కడికి ఓ అరగంట దూరంలో పాంటియాక్ అనే ఊరుంది. ఒకప్పుడు ఆ పేరుతో కార్లు కూడా ఉండేవి. ఆ బ్రాండు మూసేస్తున్నామని జనరల్ మోటార్స్ 2009లో ప్రకటించింది. మజిల్ కారు, అంటే మామూలు సైజు బండిలో పెద్ద ఇంజన్ పెట్టిన కారు, అనే మాటకి చాలామంది చూపించే మొదటి ఉదాహరణ ఆ పాంటియాక్ వాళ్ళ జీటీఓయే. దాని పుట్టుక కథ నాకు భలే ఇష్టం. అప్పట్లో కంపెనీలో ఒక రూలుండేది, మధ్య సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజన్ పెట్టకూడదని. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయనతో పనిచేసే బిల్ కాలిన్స్, రస్ గీ కలిసి పెద్ద కార్లలో వాడే 389 ఇంజన్ తెచ్చి చిన్న కార్లో కూర్చోబెట్టారు. రూలేమో మోడల్‌కి. వీళ్ళు కొత్త మోడల్ అనలేదు, తమ 1964 లెమాన్స్ అనే కారు మీద ఇచ్చే ఎక్స్‌ట్రా ఫిట్టింగ్ అన్నారు. మూడొందల డాలర్ల లోపు ఫిట్టింగ్! ఐదు వేలు అమ్ముడైతే గొప్ప అనుకుంటే మొదటి ఏడాదే 32,450 పోయాయి. పేరు కూడా సొంతం కాదు, ఫెరారీ దగ్గర ఎత్తేసిందే. అచ్చం ఆటోనగర్ తెలివి.

2023 మార్చిలో ఒక ప్రకటన కనబడింది. 1968 జీటీఓ, పచ్చ రంగు, నాలుగు గేర్లు. కింద ఇలా ఉంది: అమ్ముతాను, లేదా మా ఆవిడ ఎక్కడానికి ఒప్పుకునే కారేదైనా ఉంటే మార్చుకుంటాను.

వాటర్‌ఫర్డ్‌లో ఉంటాడాయన. డెబ్భై ఆరేళ్ళు, కార్ల ఫ్యాక్టరీలో లైన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు పోయిందట. ఆవిడకి ఏసీ లేని కారు గిట్టదు. పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు కాబట్టి వాళ్ళకి రెండు సీట్లు చాలు. నాకేమో ముగ్గురికి చోటు కావాలి. ముసలాయన పోర్షేలోకి, నేను ముసలి కారులోకి. ఆవిడ కేమన్‌లో కూర్చుని సీటు వేడెక్కే బటన్ నొక్కి, ఇంక దిగలేదు. బేరం సగం అక్కడే అయిపోయింది.

మిగతా సగం నాన్న చేశాడు, ఫోన్లో. "అయస్కాంతం తీసుకెళ్ళు, లప్పం ఎక్కడుందో తెలుస్తుంది" అన్నాడు. ఇంట్లో ఉన్న అయస్కాంతం ఫ్రిజ్ మీద అంటించిన తిరుపతి వెంకన్న ఒక్కడే. ఆయన్నే తీసుకెళ్ళి వెనక మడ్‌గార్డుల అడుగున, డిక్కీ నేల మీద, డోర్ల కింద అంటించి చూశాను. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పాత కార్లని అది చెదపురుగులా కిందనుంచి తినుకుంటూ వస్తుంది. కుడివైపు వెనక చక్రం కింద జానెడు మేర స్వామి నిలవలేదు, జారిపోయాడు. అక్కడ లప్పం. మిగతా రేకంతా అసలుదే.

ముందు బంపర్ దగ్గర మాత్రం అయస్కాంతం అసలు పనికిరాదు. 1968లో పాంటియాక్ వాళ్ళు ఆ మూతికి క్రోమ్ తీసేసి, కారు రంగులోనే సాగే మెటీరియల్ వేశారు, ఎండ్యూరా అని. దెబ్బ తగిలినా మళ్ళీ పూర్వరూపానికి వస్తుందని టీవీ ప్రకటనలో ఇనపకడ్డీతో కొట్టి చూపించేవారట. మా దానికి ఇప్పుడు అక్కడక్కడా బీటలు. నేను కొట్టి చూడదల్చుకోలేదు.

తర్వాత నంబర్. మామూలు లెమాన్స్‌కి బ్యాడ్జీలు తగిలించి జీటీఓ అని అమ్మేవాళ్ళు బోలెడుమంది. అసలు జీటీఓ అయితే అద్దం కిందుండే నంబర్ 242తో మొదలవ్వాలి. లెమాన్స్‌ది 237. మనది 242, తర్వాత 37 అంటే రెండు డోర్ల హార్డ్‌టాప్, 8 అంటే 1968, పి అంటే పాంటియాక్ ఊరి ఫ్యాక్టరీ. ఆ ఊళ్ళో పుట్టి యాభై అయిదేళ్ళుగా ఆ జిల్లా దాటని బండన్నమాట. ఫ్యాక్టరీ నాటి బిల్లు నకలు కూడా పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఆయన ముందే తెప్పించి పెట్టుకున్నాడు.

లెక్కలు చూసుకుంటే పైన నేనింకో 2,500 డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. పన్ను 6 శాతం ఇద్దరం కట్టుకున్నాం. ఏప్రిల్ మొదటి శనివారం తాళాలు మార్చుకున్నాం. ఆయన నాకు తాళాలతో పాటు ఒక అట్టపెట్టె ఇచ్చాడు. పాత ప్లగ్గులు, ఒక ఫ్యాన్ బెల్టు, సగం వాడిన గ్రీజు డబ్బా. నేను ఆయనకి ఒక పాస్‌వర్డ్ ఇచ్చాను.

ఇంటికి రావడం ఒక యుద్ధం. స్టీరింగ్ రెండంగుళాలు తిప్పాక గానీ చక్రాలకి కబురు అందదు. ఎం-59 అనే పెద్ద రోడ్డు మీద మొదటి సిగ్నల్ దగ్గర బ్రేక్ వేస్తే బండి ఎడమ పక్కకి లాగింది. నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. ఆ సంవత్సరం ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు కావాలంటే విడిగా డబ్బు కట్టాలి, మొదట కొన్న మహానుభావుడు కట్టలేదు. నా పాదానికీ ఆ డ్రమ్ములకీ మధ్య నాలాంటి వాడు రాసిన ప్రోగ్రాము ఒక్క లైను కూడా లేదని ఆ సిగ్నల్ దగ్గర వొళ్ళంతా తెలిసింది. చెమటలు పట్టాయి. అప్పటికి బయట చలి.

కానీ ఆ చప్పుడు! ఆరున్నర లీటర్ల వీ8, మొత్తం 400 క్యూబిక్ అంగుళాలు. సెకండ్ గేర్లో రేస్ ఇస్తే రోడ్డే వెనక్కి ముడుచుకున్నట్టు ఉంటుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే టాకోమీటర్ డ్యాష్‌బోర్డు మీద కాకుండా బయట బానెట్ మీద ఉంటుంది, అద్దంలోంచి చూస్తూ నడపాలి. కాగితం మీద 350 హార్స్‌పవర్. అయితే అప్పటి లెక్కలు ఇంజన్‌ని స్టాండు మీద ఒంటరిగా పెట్టి తీసినవి, ఇప్పటి లెక్కలతో పోల్చకూడదు. పందెం పెడితే ముసలాయన నన్ను తుక్కు కింద ఓడిస్తాడు, ఆవిడ సీటు వేడి చేసుకుంటుండగానే.

ఇల్లు చేరాక నాన్నకి వీడియో కాల్ చేసి బానెట్ ఎత్తాను. ఇంజన్‌కి అటూ ఇటూ ఖాళీలోంచి నేల కనబడుతోంది. నాన్న ముందు అడిగింది మైలేజీ.

"లీటరుకి అయిదు రావచ్చు."

"లారీ కూడా అంతే ఇస్తుంది, పది టన్నులు మోస్తూ." కాసేపు చెవి ఫోన్‌కి ఆనించాడు. "స్లో స్పీడులో పెట్టు. ఆఁ. ఒక సిలిండర్ కొట్టట్లేదురా. నీ ఎడం చేతివైపు వైర్లు చూడు."

ఎడమవైపు మూడో ప్లగ్గు వైరు సైలెన్సర్ మానిఫోల్డుకి ఆనుకుని కాలిపోయి ఉంది. ఎనిమిది వేల మైళ్ళ అవతల నుంచి, ఫోన్ స్పీకర్లో విని! ప్లగ్గుల్లో నిప్పురవ్వ కోసం తెరుచుకుని మూసుకునే ప్లాటినం పాయింట్లు ఎలా సర్దాలో కూడా ఆ రోజే చెప్పాడు. మధ్యలో గ్యాప్ ఎంత ఉండాలి అంటే పుస్తకంలో 0.016 అంగుళం అని ఉంది. నాన్న కొలత విజిటింగ్ కార్డు మందం. రెండూ ఒకటే అయ్యాయి.

మా ఆవిడకి మాత్రం ఇంకా పడట్లేదు. "ఎక్కి దిగితే చీరంతా పెట్రోల్ బంకు వాసన" అంటుంది, అది నిజం. ఆమె బలవంతం మీదే నోవై వెంకటేశ్వరస్వామి గుడిలో వాహన పూజ చేయించాం. పంతులుగారు బండిని చూసి, "కొత్తగా తీసుకున్నారా?" అని అడగబోయి మధ్యలో ఆగారు. నిమ్మకాయల మీదుగా పోనిచ్చాను. హారతి పళ్ళెం బానెట్ దగ్గరికి వస్తుంటే మా ఆవిడ, "ఏవండీ, కొంచెం దూరంగా ఇమ్మని చెప్పండి" అని గుసగుసలాడింది. మా పదకొండేళ్ళ అమ్మాయికి నచ్చింది ఒక్కటే, హెడ్‌లైట్లు. గ్రిల్ తలుపుల వెనక దాక్కుని ఉంటాయి, ఇంజన్ వ్యాక్యూమ్‌తో తెరుచుకుంటాయి. ఎక్కడో గాలి లీకవుతోంది, కుడి తలుపు ముందు తెరుచుకుని ఎడమది మూడు సెకన్ల తర్వాత వస్తుంది. కారు కన్ను కొడుతోందని దాని నవ్వు. వెనక సీట్లో నడుముకి కట్టుకునే బెల్టులే ఉన్నాయి కాబట్టి దాన్ని ఎక్కించుకుని హైవే మీదికి మాత్రం వెళ్ళను. బ్రేకుల పని చేసేవాణ్ణి, నాకు తెలుసు.

ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ వేల సంఖ్యలో బారులు తీరతాయి. 1995లో మొదలైంది. అసలు రోజు మూడో శనివారమే అయినా వారమంతా జనం తిరుగుతూనే ఉంటారు. నేను గురువారం సాయంత్రమే వెళ్ళాను. ఉక్కపోత. బర్మింగ్‌హామ్ దాటి రాయల్ ఓక్‌లోకి వచ్చేసరికి బండ్లు నత్తనడక. థర్టీన్ మైల్ రోడ్డు దగ్గర ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది, అందుకోవట్లేదు.

నలుగురు కుర్రాళ్ళు పక్కకి తోసిపెట్టారు. టైము ఏడు. విజయవాడలో తెల్లవారుజామున నాలుగున్నర. నాన్న ఆ టైముకి లేస్తాడు.

"పంపులో పెట్రోలు మరిగి ఆవిరైంది. మే నెలలో అంబాసిడర్లకి అదే రోగం. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వెయ్యి."

నీళ్ళ సీసాల డబ్బాలో ఐసు కరిగిన నీళ్ళున్నాయి. టవల్ ముంచి చుట్టాను. ఈలోపు మడత కుర్చీలో కూర్చుని చూస్తున్న ఒక తాత లేచి వచ్చి, మాటైనా మాట్లాడకుండా, జేబులోంచి బట్టలకి పెట్టుకునే చెక్క క్లిప్పులు తీసి పెట్రోల్ పైపు పొడుగునా వరసగా తగిలించాడు. ఇక్కడి మందు అదన్నమాట. ఫోన్లో నాన్నకి చూపిస్తే క్లిప్పుల వంక చాలాసేపు చూసి, "ఆయన ఏం బండ్లు చేసేవాడో కనుక్కో" అన్నాడు. తాత తడిగుడ్డ వంక చూసి నా వంక బొటనవేలెత్తాడు. ఇరవై నిమిషాలకి బండి స్టార్టయింది. పనిచేసింది గుడ్డా, క్లిప్పులా, ఊరికే చల్లారడమా నేను చెప్పలేను. క్లిప్పులు మాత్రం తీయలేదు, ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు డ్రమ్ములు విప్పి చూడాలి. నా పానాలన్నీ మిల్లీమీటర్లవి, ఈ బండికి ఒక్కటీ పట్టదు. అన్నీ అంగుళాల లెక్క, 7/16, 1/2, 9/16. కొత్త సెట్ కొంటానంటే నాన్న ఒప్పుకోలేదు. "అవి అంబాసిడర్ సైజులేరా. అటక మీద ఉన్నాయి, నేను వస్తూ తెస్తాను."

మేలో వస్తున్నారు ఇద్దరూ. నిన్న ఫోన్ చేస్తే పెట్టెలు అప్పుడే కాటా మీద ఉన్నాయి.

"9/16 ఒకటి చాలా, రెండు తేనా?"

"రెండు తే. ఒకదాంతో పట్టుకోవాలిగా."

వెనకనుంచి అమ్మ గొంతు వినబడింది. "అయితే గోంగూర సీసా తీసేస్తున్నా."