పొగతోట డాక్టరు గారి పియానో: కార్తీకం దాకా సాధన

జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన చిన్న కీబోర్డు రచన, సి మేజర్ ప్రెల్యూడ్, మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వచ్చేసింది. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బలు, పెడల్ తొక్కకుండా. డాక్టరు గారు ఇదే 69 మీద వాయించేవారు. పుస్తకంలో పైన మూలకు పెన్సిల్‌తో ఆ అంకె వేసుకున్నారు. ఆ వేగానికి నేనిప్పుడే పోదలచుకోలేదు. 60 మీద ప్రతి స్వరం సమానంగా పడేదాకా ఇక్కడే ఉంటాను.

ఆయన నెల్లూరు పొగతోటలో జనరల్ సర్జన్. కింద నర్సింగ్ హోమ్, పైన ఇల్లు. నేను కింద ల్యాబ్‌లో పనిచేశాను. సాయంత్రం ఓపీ అయ్యాక పైకి వెళ్ళి, కాఫీ తాగి, గోళ్ళు ఒకసారి చూసుకుని పియానో ముందు కూర్చునేవారు. గోరు ఏ కొంచెం పెరిగినా కీ మీద టక్కుమని తగులుతుంది, ఆ చప్పుడు ఆయనకు గిట్టదు. కింద పేషెంట్లు పడుకునే వేళయితే మధ్య పెడల్ తొక్కి పక్కకు తోసేవారు. నిటారు పియానోలో ఆ పెడల్ తొక్కితే సుత్తులకూ తీగలకూ మధ్య ఒక ఫెల్ట్ పట్టీ దిగుతుంది, శబ్దం బాగా తగ్గిపోతుంది. ఆయన కచేరీలు ఇవ్వలేదు. క్రిస్మస్‌కు చర్చిలో అడిగితే పాటలకు వాయించేవారు, అంతే. మిగతాదంతా సాధన. ఆయన్ను తలుచుకునేవాళ్ళు ఆపరేషన్ల గురించి, ఫీజు తీసుకోని కేసుల గురించి చెబుతారు. అది నిజమే. కానీ ఆ సాధన గురించి కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలని నాకు ఉంది.

ఆయన పియానో నేర్చుకున్నది చిన్నప్పుడు మిషన్ స్కూలు టీచరమ్మ దగ్గర. నెల్లూరులో 1840 నుంచీ, ఒంగోలులో 1866 నుంచీ అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉంది. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవగలిగినవాళ్ళు నాకు మా వైపు తెలిసినంతలో అందరూ అటు నుంచి వచ్చినవాళ్ళే.

ఆయన పోయాక అమ్మగారు, అంటే డాక్టరు గారి భార్య, నన్ను పిలిచి, "మూత వేసి ఉంచితే చెడిపోతుందని ఆయన ఎప్పుడూ అంటుండేవారు. నువ్వు వచ్చి వాయించుకో, నాకూ ఇంట్లో చప్పుడు ఉంటుంది" అన్నారు. మిడిల్ సి ఎక్కడుందో, రెండు క్లెఫ్‌లూ (స్వరాల ఎత్తు తెలిపే గుర్తులు) ఎలా చదవాలో ఆయనే నేర్పి ఉన్నారు కాబట్టి ధైర్యం చేశాను.

ఇక ప్రెల్యూడ్ సంగతి. చివరి మూడు తప్ప ప్రతి బార్‌లోనూ (నిలువు గీతల మధ్య ఉండే ఒక్కో తాళ భాగం) ఐదు స్వరాల వరస ఒకటే రెండుసార్లు వస్తుంది: ఎడమ చేతికి రెండు, కుడి చేతికి మూడు, ఆ మూడే మళ్ళీ. అందుకే డాక్టరు గారు చెప్పిన పద్ధతి ఇది: విడివిడిగా వాయించే ముందు ఐదు స్వరాలనూ ఒక్కసారిగా నొక్కాలి. బార్‌కు ఒక కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు). అలా మొత్తం పేజీ కార్డులుగా చేతికి వచ్చాకే విడగొట్టాలి. చేయి ముందే ఆ ఆకారంలోకి వెళ్ళి ఉంటుంది కాబట్టి వేళ్ళు వెతుక్కోవు. 1720లో బాఖ్ తన పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం మొదలుపెట్టిన సాధన పుస్తకంలో ఈ ప్రెల్యూడ్ తొలి రూపం ఉంది. 1722 నాటి వెల్ టెంపర్డ్ క్లావియర్ అనే బాఖ్ సంపుటిలోకి అది తర్వాత చేరింది. తండ్రి కొడుకు కోసం రాసుకున్న పాఠం అది. పాఠంగానే నేర్చుకోవాలని డాక్టరు గారి అభిప్రాయం.

నేను తొందరపడితే ఆయన, "ఏమయ్యా, నాడి చూసేటప్పుడు నిమిషం పూర్తి కాకుండానే చేయి తీసేస్తామా?" అనేవారు.

ఆ పుస్తకంలో 22వ బార్ తర్వాత ఒక బార్ మొత్తాన్ని ఆయన పెన్సిల్‌తో కొట్టేశారు. అడ్డంగా ఒకే గీత, కింది స్వరాలు కనబడేలా. పక్కన పొట్టి సంతకం, తేదీ. కేస్ షీట్‌లో ఏదైనా కొట్టేస్తే డాక్టర్లు అలాగే చేస్తారు. ఎందుకు కొట్టేశారో ఈ మధ్యే నాకు అర్థమైంది. బాఖ్ రాసింది 35 బార్లే. అక్కడ మంద్ర స్వరం ఎఫ్ షార్ప్ నుంచి ఎ ఫ్లాట్‌కు దూకుతుంది. ష్వెంకె అనే ఆయన ఆ రెంటి మధ్యా జి మీద ఒక బార్ చేర్చాడు. చెర్నీ ఎడిషన్ లాంటి పాత పుస్తకాల్లో అది అలాగే అచ్చయింది. ఫ్రెంచి స్వరకర్త గునో ఇదే ప్రెల్యూడ్ మీద ఆవే మరియా పాట కట్టినప్పుడు కూడా ఆ అదనపు బార్ ఉన్న రూపమే తీసుకున్నాడు. రెండు రకాలుగానూ వాయించి చూశాను. ఆ బార్ ఉంటే వినడానికి సాఫీగా ఉంటుంది. తీసేస్తే ఎఫ్ షార్ప్ తర్వాత వచ్చే ఎ ఫ్లాట్ దగ్గర ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టవుతుంది. తీసేయడమే సరైనదని నా నమ్మకం. పాత అచ్చు పుస్తకంతో నేర్చుకునేవాళ్ళు ఆ చోట బార్లు లెక్కపెట్టి చూసుకోండి.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళు దీన్ని శంకరాభరణం అనుకుని మొదలుపెట్టవచ్చు, స్వరస్థానాలు అవే. కానీ పియానోలో గమకం లేదు. కీ నొక్కాక ఆ స్వరాన్ని ఊపలేం, వంచలేం. ఇక్కడ పనంతా స్వరాలను ఒకదాని మీద ఒకటి పేర్చడంలో ఉంది. మొదట్లో అది నాకు చప్పగా అనిపించేది. కార్డులుగా నొక్కడం అలవాటయ్యాక ఏ స్వరం మారితే రంగు మారుతోందో చెవికి తెలిసింది.

డాక్టరు గారికి ఇద్దరంటే చాలా ఇష్టం. ఒకరు బిల్‌రోత్. 1881లో వియన్నాలో కేన్సర్ ఉన్న జీర్ణాశయ భాగాన్ని తీసి పేషెంటును బతికించిన సర్జన్. ఆ ఆపరేషన్‌ను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన మంచి పియానో వాయిద్యకారుడు కూడా. స్వరకర్త బ్రామ్స్ తన కొత్త రచనలు ఆయనకు పంపి అభిప్రాయం అడిగేవాడు, 1873లో అచ్చయిన రెండు స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తీగ వాద్యాల రచనలు) ఆయనకే అంకితమిచ్చాడు. రెండోవారు ష్వైట్జర్. 1913లో ఆఫ్రికాలోని లాంబరెనెకు వైద్యుడిగా వెళ్ళినప్పుడు, ప్యారిస్ బాఖ్ సొసైటీ ఆయనకు ఆ వాతావరణానికి తట్టుకునేలా లోపల జింకు రేకు వేసిన పెడల్ పియానో ఇచ్చింది. పగలు ఆస్పత్రి, రాత్రి బాఖ్.

ఆ జింకు రేకు విలువ నాకు ఈ అక్టోబరులో తెలిసింది. ఈశాన్య రుతుపవనాలు మొదలైతే నెల్లూరు గాలిలో చెమ్మ 80 శాతం దాటుతుంది. చెక్క ఉబ్బుతుంది, సౌండ్‌బోర్డు (తీగల వెనక ఉండే చెక్క పలక) పొంగుతుంది, నడిమి ఆక్టేవుల (స్థాయిల) శ్రుతి పైకి పోతుంది. మేలో పడమటి వడగాలికి మళ్ళీ దిగుతుంది. పియానోకు కావలసింది చెమ్మ 45 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉండటం. నేను చేసినవి ఇవి: పియానోను బయటి గోడ నుంచి లోపలి గోడకు జరిపించాను. కింది పలక తీసి లోపల 25 వాట్ల పాతకాలపు బల్బు పెట్టాను, చెక్కకూ గుడ్డకూ దూరంగా, హోల్డర్‌ను గట్టిగా బిగించి. ఎల్ఈడీ పనికిరాదు, దానికి వేడి రాదు. వానాకాలంలో మేము మెలకువగా ఉన్నంతసేపే వెలిగిస్తాం. పక్కన చెమ్మ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఉంది. బల్బు వెలిగితే పెట్టె లోపల 65 శాతం దగ్గరికి వస్తోంది. చెమ్మ పీల్చడానికి సిలికా జెల్ పెట్టేవాళ్ళు నారింజ రంగుది కొనండి. నీలం రంగుదానిలో కోబాల్ట్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. ఏదైనా సరే, మళ్ళీ ఆరబెట్టేందుకు వేడిచేయడానికి వంటింటి పెనం వాడొద్దు.

వానల్లో రెండు కీలు నొక్కితే లేవడం మానేశాయి. అందరూ చెప్పింది కొబ్బరి నూనె. నూనె, స్ప్రే ఏదీ వేయకూడదు, చెక్క పీల్చుకుని ఇంకా బిగుస్తుంది. ముందు కీల మధ్య ఏదైనా పడిందేమో చూడాలి. ఒక కీ పక్కన గుండుసూది దొరికింది. మా ల్యాబ్ రిపోర్టులకు గుచ్చే సూదే. డాక్టరు గారు రిపోర్టులు పైకి తెప్పించుకుని పియానో మీద పెట్టి చూసేవారు. రెండో కీకి లోపలి గుడ్డ ఉబ్బింది. కీని పైకి తీసి, స్క్రూడ్రైవర్ నున్నటి వైపుతో ఆ గుడ్డను రెండు పక్కలా మెల్లగా అదిమాను. ఇప్పుడు దాని బరువుకు అదే లేస్తోంది.

శ్రుతి పని మాత్రం నేను ముట్టుకోలేదు. తీగలు 220కి పైనే, వాటి మీది లాగుడు మొత్తం 15 టన్నులు దాటుతుంది. వేసవిలో చెన్నై నుంచి వచ్చిన ట్యూనర్ గారు చూసేసరికి 440 హెర్ట్జ్ ఉండాల్సిన ఎ స్వరం 431 దగ్గరుంది. ఒకేసారి పైకి లాగితే తీగ తెగవచ్చు, కుదురుకోదు కూడా. మొదట పైపైన అంతా లాగి, మళ్ళీ మొదటి నుంచి నాజూకుగా సరిచేశారు. నడిమి స్వరాలకు మూడేసి తీగలుంటాయి. రెంటిని ఫెల్ట్‌తో నొక్కిపెట్టి ఒకదాన్ని సరిచేసి, మిగతావి ఒక్కొక్కటిగా దానికి కలుపుతారు. తీగలు సరిగా కలవనప్పుడు వినిపించే ఊగులాట నెమ్మదించి ఆగిపోవడం పక్కన నిలబడి వినాలి. ఎంత చదివినా అది అర్థం కాదు.

తర్వాత నేను నేర్చుకోబోయేది స్వరకర్త షూమన్ 1848లో పిల్లల కోసం రాసిన ఆల్బమ్‌లోని మొదటి పాట. ఎడమ చేతికి కూడా స్వరం కదులుతూనే ఉంటుంది, కాబట్టి చేతులు విడివిడిగానే మొదలుపెడతాను. ఏ స్వరం ఏ వేలితో నొక్కాలో డాక్టరు గారు వేసుకున్న అంకెలు అందులో అన్ని బార్లకూ ఉన్నాయి. నా చేయి చిన్నది, రెండు చోట్ల మార్చుకోవాలి. ఆయన అంకె చెరపకుండా పైన నాది రాసుకుంటాను.

సంక్రాంతి దాటి గాలి కాస్త ఆరాక ట్యూనర్ గారిని మళ్ళీ పిలుస్తున్నాం. కావలి, ఒంగోలు, గూడూరు వైపు ఎవరింట్లోనైనా, చర్చిలోనైనా నిటారు పియానో ఉంటే చెప్పండి. ఒకే రాకలో రెండు మూడు చూసేలా ఏర్పాటు చేస్తే ఆయన ప్రయాణ ఖర్చు పంచుకోవచ్చు. ఆయన కూడా సరేనన్నారు.