గళ్ల నుడికట్టు ప్రోగ్రాం: పదంలో అన్నీ అక్షరాలేనా అని చూడటానికి నాలుగు ఆదివారాలు

మొదటి ఆదివారం

తెలుగు గళ్ల నుడికట్టు అల్లే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో మొదలుపెట్టాను. పదాలు నాన్నవి. ఖాళీ దొరికినప్పుడల్లా టైపు చేసి ఏళ్ల తరబడి దాచుకున్న ఫైలు, వరసకో పదం. మధ్య మధ్యలో అంకెలు, కామాలు, బ్రాకెట్లలో అర్థాలు కూడా ఉన్నాయి. అందుకని అక్షరాలు తప్ప ఇంకేమీ లేని వరసల్ని ముందు ఏరుకోవాలి.

దీనికి ఇజ్‌ఆల్ఫా (అన్నీ అక్షరాలేనా అని చూసేది) అనే మెథడ్ ఉంది కదా, ఒక్క లైనుతో అయిపోతుందనుకున్నాను. నడిపితే గుప్పెడు పదాలు మిగిలాయి. కల, వల, పలక, ఈత, ఊయల, కమల. అమ్మ లేదు, నాన్న లేదు, తెలుగు అన్న మాటే లేదు.

మిగిలినవాటిని పైకి చదువుకుంటే విషయం తెలిసింది. అన్నీ తలకట్టు హల్లులు, లేదా విడి అచ్చులు. దీర్ఘమో గుడో కొమ్మో వత్తో సున్నో ఏ ఒక్కటి తగిలినా పదం ఎగిరిపోయింది. ప్రపంచ భాషల గుర్తులకు నంబర్లిచ్చే పట్టిక పేరు యూనికోడ్. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకూ ఒక వర్గం ఉంటుంది. ఇజ్‌ఆల్ఫా లెటర్ వర్గాలనే ఒప్పుకుంటుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ మార్క్ వర్గాల్లో ఉన్నాయి. ‘అమ్మ’ను, గుర్తు నంబరు చెప్పే ఆర్డ్‌తో విప్పితే 3077, 3118, 3149, 3118 వచ్చాయి. ఆ 3149 పొల్లు. మ కింద మ వత్తుగా కూర్చోవడానికి కారణం అదే, ఇజ్‌ఆల్ఫా కాదనడానికి కారణమూ అదే.

పదాల్లో నమూనాలు వెతికే రీ మాడ్యూల్‌లోని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకీ (పదంలో వచ్చే గుర్తు అని అర్థం) ఇదే ఇబ్బంది. జావాలో ఇజ్‌ఆల్ఫబెటిక్ గుణింతాల్ని ఒప్పుకుంటుంది కానీ పొల్లు దగ్గర ఆగిపోతుంది. వత్తులు లేకుండా తెలుగెక్కడిది?

రెండో ఆదివారం

యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలున్నాయి. ప్రతి గుర్తూ ఆ హద్దుల్లో ఉంటే చాలని రాశాను. అమ్మా నాన్నా తిరిగొచ్చారు, కానీ వాళ్లతో పాటు తెలుగు అంకెలు కూడా వచ్చేశాయి. వాటిని తీసేద్దామని 3174 నుంచి 3183 వరకు అడ్డం పెడితే ‘కంకణం’ లాంటి మామూలు పదాలు రాలిపోయాయి.

ఇక్కడే ఒక సాయంత్రం మొత్తం పోయింది. తెర మీద ఏ తేడా లేదు. విప్పి చూస్తే సున్న ఉండాల్సిన చోట 3174 ఉంది, అంటే అంకెల సున్న. అక్షరాల సున్న 3074. సరిగ్గా వంద తేడా. నాన్నకు ఫోన్ చేసి చెప్తే, “సున్న సున్నే కదమ్మా, కీబోర్డులో ఏది దొరికితే అది కొట్టాను” అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. చేత్తో రాసేటప్పుడు రెండూ ఒకటే, పేరూ ఒకటే. వేరని చెప్పాల్సింది నా ప్రోగ్రామే.

దిద్దుబాటు ఇలా చేశాను: 3174కి ముందు తెలుగు అక్షరమో గుణింతపు గుర్తో ఉండి, ఆ పదంలో ౧ నుంచి ౯ వరకు ఏ అంకే లేకపోతే, దాన్ని 3074గా మార్చడం. నాన్న ఫైలుకి ఇది సరిపోయింది. అయినా మార్చిన పదాలన్నీ వేరే ఫైల్లో రాయించి, ఒక్కొక్కటీ కంటితో చూశాను.

మూడో ఆదివారం

హద్దులు చూస్తే చాలదు. దీర్ఘంతో మొదలయ్యే ముక్క, ఒకే హల్లుకి రెండు గుళ్లు తగిలించిన టైపు తప్పు, ఇవన్నీ హద్దుల్లోనే ఉంటాయి. గుర్తులు ఒకదాని వెనక ఒకటి ఏ వరసలో రావాలో చెప్పాలి. చిన్నప్పుడు పలక మీద దిద్దిన గుణింతాల్నే, గుర్తుల వరస చెప్పే నమూనాగా, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా రాసుకున్నాను. అక్షరం అంటే విడి అచ్చు, లేదా హల్లు. హల్లు వెనక పొల్లూ హల్లూ జంటగా ఎన్నిసార్లైనా రావచ్చు. ఆ తర్వాత గుణింతపు గుర్తు ఒక్కటి రావచ్చు, లేదా పొల్లు. పొల్లు లేకపోతే చివర సున్న, అరసున్న, విసర్గల్లో ఒకటి. ఇలాంటి అక్షరాలు ఒకటో అంతకన్నా ఎక్కువో ఉంటే అది పదం.

ఫుల్‌మ్యాచ్ వాడండి, పదం మొత్తాన్నీ నమూనాతో పోలుస్తుంది. ఉత్త మ్యాచ్ అయితే మొదలు బాగుంటే చాలు, తోక చూడదు.

దీనితో అడగని వరం ఒకటి దొరికింది. అదే నమూనాతో పదాన్ని గళ్లుగా కూడా విడగొట్టొచ్చు. ‘స్వాతంత్ర్యం’లో 12 గుర్తులున్నాయి, గళ్లు మాత్రం స్వా, తం, త్ర్యం అని మూడే. ‘స్త్రీ’లో ఆరు గుర్తులు, ఒకే గడి. అక్షరాలు విడగొట్టడానికి రెడీమేడ్ లైబ్రరీలు వాడేవాళ్లకు ఒక మాట: 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలతోనే వత్తులున్న అక్షరం ముక్కలవకుండా ఒకటిగా నిలిచింది. పాత లైబ్రరీ అయితే స్త్రీని మూడు ముక్కలు చేస్తుంది.

నాలుగో ఆదివారం

మిగిలిన చిల్లర పనులు.

‘బస్‌పాసు’ ఆగిపోయింది. స్ తర్వాత కంటికి కనపడని గుర్తు 8204 ఉంది. అది లేకపోతే స కింద ప వత్తై ‘బస్పాసు’ అవుతుంది, నాలుగు గళ్లు మూడవుతాయి. కాబట్టి దాన్ని తీసేయకూడదు. పొల్లు వెనక మాత్రమే ఒప్పుకుని, పదం చివరుంటే కోసేస్తున్నాను.

ఫైల్లో మొట్టమొదటి పదం ప్రతిసారీ తప్పుతోంది. ఫైలు మొదట్లో 65279 అనే కనపడని గుర్తు దాక్కుని ఉంది, అటూ ఇటూ ఖాళీలు కోసే స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే పోయింది.

ఐత్వం రెండు రకాలుగా రావచ్చు: 3144 ఒక్కటే, లేదా 3142, 3158 జంటగా. అన్నిటికన్నా ముందు ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజ్ చేస్తే ఒకటే రూపం అవుతుంది.

నిన్న రాత్రి ఏడు గళ్ల చదరం మొదటిసారి నిండింది. నాన్నకు పంపాను, అడ్డం నాలుగు దగ్గర ఆగారట. పదం చివరి పొల్లుకి విడిగా గడి ఇవ్వాలా, ముందు అక్షరంతో కలపాలా అన్నది ఇంకా తేలలేదు. ఇప్పటికి విడి గడే ఇస్తున్నాను.