మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు ప్రాథమిక బళ్లో ఏ పిల్లాణ్నయినా "నీకు ఏ భాషలు వచ్చు?" అని అడగండి, తెలుగు, ఇంగ్లీషు, కొంచెం హిందీ అంటాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి బడికి వచ్చేదాకా అమ్మతో, నానమ్మతో గోండీలోనే మాట్లాడిన పిల్లాడు కూడా అదే అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు. భాష అంటే పుస్తకం ఉన్నది, పరీక్ష ఉన్నది, మార్కులు వచ్చేది అని బడి వాడికి నేర్పింది. ఇంట్లో మాట్లాడేది ఆ లెక్కలోకి రాదనుకుంటాడు.

అందుకే చిన్న తరగతుల్లో భాషల గురించి మాట్లాడాల్సి వస్తే నేను ఆ ప్రశ్నతో మొదలుపెట్టను. ముందు మనుషుల గురించి అడుగుతాను. మీ అమ్మతో ఏం మాట్లాడతావ్? తాతతో? సంతలో కూరగాయలామెతో? ఆటలో కోపమొస్తే ఏ భాషలో తిడతావ్? ఈ చివరి ప్రశ్నకి క్లాసంతా నవ్వుతుంది, జవాబు మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. ఇలా అడిగితే ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా "ఇంట్ల కొలామీ, మా దోస్తులతోని గోండీ, మరాఠీ సమజైతది సార్, మాట్లాడరాదు" అని వరసపెట్టి చెబుతుంది. నానమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకీ ఆమెకీ మధ్య మాటలు చేరవేసేది ఈ పిల్లలే. అంత పని చేయగల పిల్ల తెలుగు వాచకం తడుముకుంటూ చదివిందని వెనకబడిన విద్యార్థి అని రాసేస్తాం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

తర్వాత పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి ఒకర్నొకరు అడగమంటాను. వచ్చా, రాదా అని రెండే దారులు ఇస్తే బిడియపడే పిల్లలు "రాదు" అనేసి ఊరుకుంటారు, కాబట్టి మధ్యలో ఉన్నవన్నీ ముందే చెప్పి ఉంచాలి: బాగా వచ్చు, కొంచెం వచ్చు, అర్థమవుతుంది గానీ మాట్లాడలేను, మాట్లాడతాను గానీ చదవడం రాదు. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లల్లో చాలామంది చెప్పేది కూడా ఈ మూడోదే, అది సున్నా కాదని వాళ్లకీ ఎవరో ఒకరు చెప్పాలి.

అన్నిటికంటే సందడి లెక్కపెట్టడంలో. ఒక గోండు పిల్లాడు "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్" అంటాడు, తండా నుంచి వచ్చే లంబాడీ పిల్ల "ఏక్, ది, తీన్, చార్" అంటుంది. తెలుగు పిల్లలు ఒక్క క్షణం ఆగి "సార్, వాళ్లది మనదాని లెక్కనే ఉంది" అని గోండీ వైపు చూపిస్తారు. అవును మరి, గోండీ, కొలామీ, కోయ అన్నీ తెలుగుతో పాటు ద్రావిడ కుటుంబానివే. లంబాడీ వేరే కుటుంబం, రాజస్థాన్ భాషలకి దగ్గర. ఇదంతా నేను ఉపన్యాసం ఇస్తే ఎవరికీ గుర్తుండదు, వాళ్ల చెవులతో వాళ్లే పట్టుకున్నారు కాబట్టి గుర్తుంటుంది.

అప్పుడు తప్పకుండా ఒకరు అడుగుతారు, "సార్, గోండీకి అక్షరాలు లేవు కదా, అది భాషేనా?" అని. ఈ మాట పెద్దవాళ్ల నోటి నుంచే వాళ్లకి చేరింది. మరాఠీ, హిందీ రెండూ ఒకే లిపిలో రాస్తున్నారు, ఇంగ్లీషు రాసేది రోమన్ అక్షరాలతో, అంతమాత్రాన అవి భాషలు కాకుండా పోయాయా? పైగా మన నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండీ రాతప్రతులు దొరికాయి. పరిశోధకులు జయధీర్ తిరుమలరావు గారు, ఆయనతో పనిచేసినవాళ్లు వాటిని లోకానికి చూపించారు, 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలోకి కూడా చేరింది. పక్క ఊరి పేరు మీద ప్రపంచమంతా వాడే పట్టికలో ఒక లిపి ఉందని చెప్పినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారిని తెలుగు కోసం తలుచుకుంటాం. పర్లాకిమిడిలో పనిచేస్తూ ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారని, ఆ పిల్లలకి బళ్లు పెట్టారని, సవర వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారని కూడా ఆ రోజు చెప్పాలి. సవర తెలుగుకి ఏ చుట్టరికమూ లేని ముండా కుటుంబపు భాష. అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు.

కొన్ని ప్రశ్నలు మాత్రం నేను ఒప్పుకోను. "నువ్వు లంబాడీవా?" అనేది భాష గురించిన ప్రశ్న కాదు, "ఇంట్లో లంబాడీ మాట్లాడతారా?" అని అడగాలి. "ఏదీ, మీ భాషలో ఒక ముక్క మాట్లాడు చూద్దాం" అని పిల్లని నిలబెట్టి క్లాసు ముందు ఆడించడం అసలే వద్దు. తనకి తానుగా చెబితే వినాలి.

ఇంకోటి, ఇది పెద్దవాళ్లకి. జనాభా లెక్కలకి వచ్చినవాళ్లు మాతృభాష అడిగితే మన గూడేల్లో చాలామంది మొహమాటపడి "తెలుగు రాసుకోండి సార్" అనేస్తారు. వాళ్ల నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష. అది కాక వచ్చిన ఇంకో రెండు భాషలు విడిగా రాసుకుంటారు, తెలుగు అక్కడ చెప్పొచ్చు. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద గోండీ చెప్పినవాళ్లు 29 లక్షలకు పైన, కొలామీ చెప్పినవాళ్లు ఒక లక్షా 28 వేల చిల్లర. లంబాడీ అని 32 లక్షలకు పైగా జనం చెప్పినా దాన్ని హిందీ కింద కలిపి చూపించారు, ఆ కలపడం నాకు న్యాయంగా అనిపించదు, కానీ చెప్పారు కాబట్టే కనీసం ఆ అంకె విడిగా కనిపిస్తోంది. ఈసారి లెక్కలు రాసేవాళ్లు వచ్చినప్పుడు పక్కన నిలబడి ఇంట్లోవాళ్లకి ఈ సంగతి గుర్తు చేయమని మా పిల్లలకి ఇప్పటినుంచే చెబుతున్నాను.