తమ్ముడికి రాసిపెడతావు, నాకెందుకు రాసిపెట్టవు?

మొన్న మంగళవారం పొద్దున మా అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. విసిరికొట్టలేదు, ఏడవలేదు. నోటుబుక్కు మూసి, దాని మీద పెన్ను పెట్టి, "తమ్ముడు చెబుతుంటే నువ్వు రాసిపెడతావు. నాకెందుకు రాసిపెట్టవు?" అని అడిగింది.

"నీకు పన్నెండేళ్లు" అన్నాను. అప్పటికి నా దగ్గరున్న జవాబు అదొక్కటే.

"తెలుగు రాయడంలో నేను వాడికన్నా చిన్నదాన్నే కదమ్మా" అంది.

దాని మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాన్నకి పక్షవాతం వచ్చాక, పోయిన ఆగస్టులో పిల్లల్ని తీసుకుని మల్కాజిగిరి వచ్చేశాను. మా ఆయన డాలస్‌లోనే ఉన్నారు. పిల్లలది మొదటి నుంచీ ఇంటి చదువే కాబట్టి బడి మాన్పించే గొడవ లేకపోయింది, పుస్తకాలు సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాం. టెక్సాస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు బడి కిందే లెక్కగడతారు. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం నేర్పితే చాలు. ఇక్కడి చుట్టాలకి ఇది మింగుడుపడదు. "మరి సర్టిఫికెట్?" అంటారు. 14 ఏళ్లు నిండాక కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలైన ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి చేరొచ్చని, అంతకు ముందే మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానంగా ఎ, బి, సి అని మూడు లెవెల్స్ ఉన్నాయని చెబుతాను. వాళ్లు ఊరుకుంటారు. నన్ను నిద్ర పోనివ్వనివి వేరే ఎ, బి, సిలు.

మేం వాడే అమెరికా రైటింగ్ కోర్సులోనూ అవే మూడు అక్షరాలు. మూడు నుంచి ఐదో తరగతి దాకా ఎ, ఆరు నుంచి ఎనిమిది దాకా బి, ఆ పైన సి. వాడికి 8, దానికి 12. లెక్క ప్రకారం ఇద్దరికీ రెండు వేర్వేరు సెట్లు కొని, రోజూ రెండు పాఠాలు చెప్పాలి. లేదంటే ఒకే పాఠం చెప్పి, ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్ల చేత రాయించుకోవాలి. నేను బి ఒక్కటే కొన్నాను. పిల్లల మేలు కోరి కాదు. పదకొండింటికి నాన్నకి ఫిజియోథెరపీ చేసే అబ్బాయి వస్తాడు, ఆలోపు చదువు, వంట రెండూ తెమలాలి. డాలస్‌లో నా స్నేహితురాళ్లు అడిగితే మాత్రం "వయసు చూడకండి, పిల్లని చూడండి" అని చెప్పేదాన్ని.

ఒకే పాఠం ఇద్దరికీ పనికొస్తుంది, అది నిజమే. ఒక చిన్న పేరా ఇస్తారు. ఒక్కో వాక్యంలోంచి మూడు మాటలకు మించకుండా ఏరుకోవాలి. పుస్తకం మూసేసి, ఆ మాటల్ని చూస్తూ సంగతంతా పైకి చెప్పాలి, ఆ తర్వాత రాయాలి. మా వాడు చెబుతుంటే నేను రాస్తాను, మర్నాడు వాడు దాన్ని చూసి రాసుకుంటాడు. ఇది వాడికి పని తప్పించడం కాదు. ఏం చెప్పాలో కూర్చుకోవడం ఒక పని, దాన్ని కాగితం మీద పెట్టడం ఇంకో పని. 8 ఏళ్ల పిల్లాడి చేత రెండూ ఒకేసారి చేయించబోతే, చెయ్యి ఎంత మొయ్యగలదో అంతకే కథను కుదించేస్తాడు. డాబా మీద నీళ్ల ట్యాంకు మూత తీసిన కోతి గురించి వాడు అమ్మమ్మకి పది నిమిషాలు చెప్పాడు. రాయమంటే "కోతి వచ్చింది. వెళ్లిపోయింది." అని రెండు ముక్కలు రాశాడు. మన బళ్లలో చూచిరాత, ఉక్తలేఖనం, ఆ తర్వాతే స్వీయరచన అని వరస పెట్టింది ఇందుకేనేమోనని ఇన్నాళ్లకి తోచింది.

ఇంగ్లిషులో పాపకి బి సరిపోయింది. నా తప్పంతా తెలుగు దగ్గరే. కోర్సులో ఒక చెక్‌లిస్టు ఉంటుంది. ప్రతి పేరాలో ఒక మంచి క్రియ, 'ఎందుకంటే' అని ఒక వాక్యం, 'హూ', 'విచ్'లతో ఒక వాక్యం ఉండాలి, ఉన్నవాటికి టిక్కు పెట్టుకోవాలి. తెలుగు పాఠానికి కూడా నేను అదే జాబితా ఇచ్చాను. అది ఏం రాసిందో చూడండి: "ఒక ముసలాయన, ఎవరు మల్లెపూలు అమ్ముతాడో, ఆయన నన్ను చూసి నవ్వాడు." కింద అక్షరదోషాలు కూడా దిద్దాను, మార్కు కూడా వేశాను.

అమ్మ పక్కనే చిక్కుడుకాయలు ఈనె తీస్తూ వింది. "గదేం మాటనే? మల్లెపూలమ్మే ముసలాయన అంటే అయిపాయె గదా" అంది. పాప వెంటనే, "నేను కూడా నీతో అట్లనే అంటా అమ్మమ్మా. రాసేటప్పుడు అట్ల రాయొద్దేమో అనుకున్న" అంది.

ఆ మాట విన్నప్పుడు నాకు చాలా కష్టమేసింది. తెలుగులో ఆ 'హూ' అవసరమే లేదు. అమ్మే, వచ్చిన, చూడని అని క్రియే నామవాచకం ముందుకొచ్చి కూర్చుంటుంది. ఆ సంగతి దాని నోటికి తెలుసు. దాని చేతికి మాత్రం నేనే వేరే భాష నేర్పాను.

బియ్యంలో ఓం నమః శివాయ దిద్దించింది దానికి తెలుగులోనే. మర్నాటి నుంచి ఆ పలక అటకెక్కింది. ముందు ఇంగ్లిషు చదవడం రావాలి, తెలుగు ఎటూ ఇంట్లో మాట్లాడతాం కదా అనుకున్నాను. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి భయం పట్టుకుని, వాడికి ఆరో ఏటనే వీడియో కాల్‌లో అమ్మ చేత గుణింతాలు చెప్పించాను. వాడు ఇప్పుడు కోఠీలో దుకాణాల బోర్డులన్నీ చదువుకుంటూ నడుస్తాడు. అది వాడి వెనక మాట్లాడకుండా నడుస్తుంది. వాళ్ల మధ్య ఆ తేడా వయసుతో వచ్చింది కాదు, నేను తెచ్చిందే. అయినా పన్నెండేళ్లు వచ్చాయి కాబట్టి నువ్వే రాయాలని పట్టుబట్టాను. దానికి రాసిపెడితే, పిల్లకి తెలుగు రాదని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది.

బుధవారం దాని పక్కన కూర్చుని, "చెప్పు, నేను రాస్తా" అన్నాను. కాసేపు నన్నే చూసింది. తర్వాత మౌలాలి గుట్ట ఎక్కిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. "మామయ్య ఆగమన్నా ఆగకుండా పరిగెత్తి, సగం మెట్లెక్కి, ఆయాసపడి కూర్చున్న తమ్ముడికి నేనే నీళ్లిచ్చిన." ఒక్క ఊపిరిలో చెప్పింది. జాబితా లేదు, మూడు మాటలు ఏరుకోవడం లేదు. నా చెయ్యి అలవాటు కొద్దీ ఆ వాక్యాన్ని రెండుగా విరవబోయింది. చివర "ఇచ్చాను" అని రాసేసింది.

"నేను ఇచ్చిన అన్నాను" అంది పాప, కాగితం మీదికి వంగి.

కొట్టేసి 'ఇచ్చిన' అని రాశాను. కానీ రాసినంత తేలిగ్గా మనసు ఒప్పుకోలేదు. పాఠ్యపుస్తకంలో 'ఇచ్చాను' అని ఉంటుంది, రేపు దిద్దేవాళ్లు ఎవరైనా 'ఇచ్చిన' కింద గీత గీస్తారు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మాటని నేనే దిద్దితే, అది మళ్లీ నోటికొకటి, చేతికొకటి నేర్చుకుంటుంది. ఏది సరైందో నాకు తేలలేదు. ఆ పేజీ వరకు దాని మాటే ఉంచాను.

గురువారం ఆ పేరాని చూసి రాసుకుంది. నలభై నిమిషాలు పట్టింది. 'నీళ్లిచ్చిన' దగ్గర ఆగి, ళ కింద వత్తు ఎటు తిరుగుతుందని తమ్ముణ్ణి అడిగింది. వాడు పెన్సిల్ తీసుకుని పక్కన గీసి చూపించాడు. వాడికి అందులో గొప్పా అనిపించలేదు, దానికి చిన్నతనమూ అనిపించలేదు. సిగ్గుపడింది నేనొక్కదాన్నే.

ఇలా ఎన్నాళ్లు రాసిపెట్టాలో తెలియదు. ఇంకో రెండేళ్లకి దానికి 14 వస్తాయి. అప్పటికి సొంతంగా రాయకపోతే నేను మరీ ఆలస్యం చేసినట్టేనా? ఇప్పుడే ఆపేస్తే మళ్లీ "ఎవరు అమ్ముతాడో" దగ్గరికే వెళ్తుందా? దారి తెలిసినదానిలా ఊళ్లో వాళ్లకి సలహాలిచ్చాను.

రాత్రి మా ఆయన ఫోన్ చేసి, వచ్చే ఏడాదికి పుస్తకాలు ఆర్డర్ పెట్టాలి, ఏ లెవెల్ అని అడిగారు. ఇంగ్లిషుకి వాడికి ఎ, దానికి బి అని చెప్పాను, ఈసారి రెండూ కొందామని. "మరి తెలుగుకి?" అన్నారు. పక్క గదిలో అది అమ్మమ్మకి ఏదో చెబుతోంది. కాసేపు ఆగమని, నోటుబుక్కు తీసుకుని లేచాను.