కణాలు చేశాయనుకున్నది మీడియంలోనే ఉంది

నిన్న రాత్రి బ్లాట్ మీద (జెల్‌లో విడదీసిన ప్రోటీన్లను పొర మీదకి దించి యాంటీబాడీతో పట్టే పరీక్ష) పెర్లికాన్ అనే ప్రోటీన్ గీత పడింది. దానికి ముందు మోసపోయిన మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

పని ఇది: బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ (రక్తనాళాల లోపలి పొర) కణాలు చేసే ప్రోటియోగ్లైకాన్లను, అంటే పొడవాటి చక్కెర గొలుసులు మోసే ప్రోటీన్లను, వేరుచేయడం. కణాల చుట్టూ ఉండే మాతృకలోకి వదిలే పెర్లికాన్, బైగ్లైకాన్. కణపొరలో నాటుకున్న సిండెకాన్లు, గ్లిపికాన్-1.

కణాలు పెంచడంలో చిక్కేమీ లేదు. ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ ఎంజైమ్‌తో మాత్రం లేపకండి, సిండెకాన్ బయటి భాగం తెగిపోతుంది. ప్రోటియేజ్ నిరోధకాలు కలిపిన 4 మోలార్ గ్వానిడిన్‌లో (ప్రోటీన్లను విప్పి కరిగించే రసాయనం), 2 శాతం చాప్స్ డిటర్జెంట్‌తో, చల్లగా ఉంచి గీకి తీయాలి.

పరువు తీసింది ఆ తర్వాతి మెట్టు. మీడియాన్ని (కణాలు పెరిగే పోషక ద్రవం) రుణావేశ అణువులను పట్టుకునే డీఈఏఈ కాలమ్ ఎక్కించి, ఉప్పు పెంచుతూ దించి, సల్ఫేట్ గొలుసులు తగిలితే మారే డీఎంఎంబీ రంగు చూశాను. నీలం ఠక్కున ఊదాలోకి తిరిగింది, 525 నానోమీటర్ల దగ్గర అంకె ఘనంగా వచ్చింది. అలాంటి గొలుసులను కోసే ఎంజైమ్ హెపరినేజ్-1 వేస్తే రంగు పడిపోయింది. ఇంకేం, కణాలు చేసిన హెపరాన్ సల్ఫేటే (ప్రోటియోగ్లైకాన్లు మోసే గొలుసుల్లో ఒకటి) అని చాటేశాను. కణాలే లేని ఖాళీ డిష్‌లో ఉంచిన మీడియాన్ని అలాగే నడిపితే దాదాపు అదే అంకె!

ఈ కణాల మీడియంలో పెరుగుదల కారకాలకు తోడుగా, హెపరాన్ సల్ఫేట్‌కు దగ్గరి చుట్టమైన హెపరిన్ కలుపుతారు, మి.లీ.కి 100 మైక్రోగ్రాముల దాకా. డీఎంఎంబీకి కావలసింది సల్ఫేట్ గొలుసు, అది ఎవరు చేశారో దానికి పట్టదు. కాలమ్‌కూ అంతే. హెపరినేజ్-1కి హెపరిన్ అంటే మహా ఇష్టం, కనుక నా 'రుజువు' రుజువే కాదు. హెపరాన్ సల్ఫేట్‌ను బాగా కోసి, హెపరిన్ జోలికి పెద్దగా పోని హెపరినేజ్-3 వాడి ఉంటే రంగు అంతగా పడేది కాదు, అక్కడే దొరికిపోయేవాణ్ణి. డయాలిసిస్ సంచీ కూడా హెపరిన్‌ను పూర్తిగా వదిలించదు. సీసా మీద 'సప్లిమెంట్' అని ఒక్క మాట అచ్చేసి ఊరుకునే అమ్మకందార్లకు ఓ దండం.

ఇప్పుడు నేను చేసేది: డిష్‌ను రెండుసార్లు కడిగి, చివరి 24 గంటలు హెపరిన్, సీరం రెండూ లేని మీడియం. సీరం ఎందుకు వద్దంటే అందులోని ఇంటర్-ఆల్ఫా ఇన్హిబిటర్ కూడా కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే మరో సల్ఫేట్ గొలుసును మోసుకొస్తుంది. పక్కనే కణాల్లేని డిష్ తప్పనిసరి. రేడియోధార్మిక సల్ఫర్-35తో లేబుల్ చేస్తే కొత్తగా తయారైనదే లెక్కకొస్తుంది, కానీ స్ట్రెప్టోమైసిన్ సల్ఫేట్ మానేయాలి. లేకపోతే ఆ మామూలు సల్ఫేట్ లేబుల్‌ను పలచన చేస్తుంది.

గీకి తీసిన భాగాన్ని గ్వానిడిన్‌తోనే కాలమ్‌కు ఎక్కించకండి. అది అయానిక్, ఏదీ అంటుకోదు. ముందు 8 మోలార్ యూరియాలోకి మార్చాలి. మా పాత ప్రోటోకాల్‌లో ఈ ముక్క లేదు, రాసినాయన మనసులో ఉండిపోయినట్టుంది. యూరియాను వేడి చేయొద్దు, సయనేట్ పుట్టి ప్రోటీన్‌ను పాడుచేస్తుంది. గ్వానిడిన్ మిగిలిన శాంపిల్‌లో జెల్‌కు వాడే ఎస్‌డీఎస్ డిటర్జెంట్ తగిలితే తెల్లగా పెరుగులా విరుగుతుంది.

హెపరినేజ్‌కు కాల్షియం కావాలి, అందుకని కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ ముందే తీసేయాలి. గొలుసులు కోయకుండా జెల్ ఎక్కిస్తే పై అంచున మసకే తప్ప గీత రాదు. పెర్లికాన్ కోర్ (గొలుసులు పోగా మిగిలే ప్రోటీన్) సుమారు 470 కిలోడాల్టన్లు, 3-8 శాతం జెల్ వాడి రాత్రంతా ట్రాన్స్‌ఫర్ పెట్టాను. 3జీ10 యాంటీబాడీ పట్టేది హెపరినేజ్-3 కోశాక కోర్ మీద మిగిలిన గొలుసు మొదలునే. ఎంజైమ్ వేయని వరస ఖాళీగా ఉండాలి. నిన్న ఖాళీగానే ఉంది.