ఫెయిలైన శాంపిళ్లకు కూడా ఒక రికార్డు

నేను ఆక్సైడ్ సిరామిక్స్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గ్రూపు ఏళ్లుగా రాసిన ల్యాబ్ నోట్‌బుక్కులను డిజిటల్ రికార్డులుగా మార్చి, వాటితో ఒక మెషీన్ లెర్నింగ్ మోడల్ తయారు చేసే పని నాకు అప్పగించారు.

కంప్యూటర్ లెక్కలతో వచ్చే డేటా సులువుగానే దొరికింది. 2011లో మొదలైన మెటీరియల్స్ ప్రాజెక్ట్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో లక్షకు పైగా పదార్థాల వివరాలు ఉచితంగా ఉన్నాయి. కాకపోతే లెక్కల్లో వచ్చిన విలువలనీ కొలిచిన విలువలనీ ఒకే కాలమ్‌లో కలపకూడదు. సిలికాన్ బ్యాండ్ గ్యాప్ (పదార్థంలో ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదలడానికి దాటాల్సిన శక్తి అంతరం) కొలిస్తే సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు, మామూలుగా వాడే పీబీఈ అనే ఉజ్జాయింపు లెక్క పద్ధతిలో లెక్కిస్తే 0.6 దగ్గర వస్తుంది.

అసలు టెన్షన్ మా నోట్‌బుక్కులతోనే. "1200 డిగ్రీలు, రాత్రంతా" అని ఉంటుంది. ఎన్ని గంటలు? నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున వేడి చేశారు? నెమ్మదిగా చల్లార్చారా, వేడిమీదే బయటికి తీశారా? వీటిని బట్టి శాంపిల్‌లో మిగిలే ఆక్సిజన్ మారిపోతుంది, దాంతో గుణాలూ మారతాయి. ఒక సీనియర్‌కు ఫోన్ చేసి "అక్కా, ఇది గాలిలోనా, ఆర్గాన్ వాయువులోనా?" అని అడిగాను. "గాలిలోనే. ఆర్గాన్ అయితే ఎర్ర పెన్నుతో రాసేదాన్ని" అంది. ఆ సంగతి ఏ పేజీలోనూ లేదు!

ఎక్స్-రేలతో క్రిస్టల్ నిర్మాణం చూసే ఎక్స్‌ఆర్‌డీ పరీక్ష ఫైళ్లదీ అదే కథ. కోణం, తీవ్రత అని రెండు కాలమ్‌లే మిగిలాయి. వాడిన ఎక్స్-రే ట్యూబు రాగిదా, కోబాల్ట్‌దా తెలియకపోతే గ్రాఫులోని పీక్‌లు ఏ ఫేజ్‌వో, అంటే ఏ క్రిస్టల్ నిర్మాణానివో, చెప్పలేం.

ఫెయిలైన ప్రయోగాలు ఎక్కించడానికి మా గైడ్ మొదట ఒప్పుకోలేదు. "పేపర్లో రానివి ఎందుకు?" అన్నారు. అమెరికాలోని హావర్‌ఫర్డ్ కాలేజీ బృందం 2016లో నేచర్‌లో వేసిన పేపర్ చూపించాను. విఫలమైన రియాక్షన్లను కూడా నేర్పిన వాళ్ల మోడల్ సూచనలు 89 శాతం ఫలిస్తే, కెమిస్టుల అంచనాలు 78 శాతం ఫలించాయి. అది చదివాక సార్ తన పాత నోట్‌బుక్కులు కూడా తెచ్చిచ్చారు.

2023లో గూగుల్ డీప్‌మైండ్ 3.8 లక్షల స్థిరమైన క్రిస్టళ్లు సాధ్యమని ఏఐతో అంచనా వేసింది. వాటిని ఎలా తయారు చేయాలో మాత్రం ఆ జాబితా చెప్పదు. అందుకే తయారీ రికార్డే ఇప్పుడు అన్నిటికన్నా విలువైన డేటా అని నా నమ్మకం.

ఇప్పుడు పొడి తూకం వేసినప్పుడే ప్రతి శాంపిల్‌కూ క్యూఆర్ లేబుల్ అంటిస్తున్నాం. ఫర్నేస్ లాగ్ దానంతటదే సేవ్ అవుతుంది. ఫలితం గడి నింపకపోతే రికార్డు క్లోజ్ కాదు, "ఫేజ్ రాలేదు" అన్నదీ ఫలితమే. చేత్తో నూరడం ఒక్కటే ఇంకా లొంగలేదు. ఎన్ని నిమిషాలు నూరామో రాస్తున్నాం, ఎంత బలంగా నూరామో రాసే దారి ఇంకా వెతుకుతున్నాం.